పసరు పూసిన నల్లబల్ల

చదివేవారికి ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. అక్షరాలు నాకు మావారు పోయాక, మనవరాళ్ళు బడికి వెళ్ళే వయసు వచ్చాక పట్టుబడ్డాయి. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ సరిగా కుదరవు. రాయడం కూడా నిదానమే. పోయినవారం భాగం ఆలస్యమైంది అందుకే. ఇక కథ.

*

"బల్ల చూశారా వాళ్ళు?" అని మార్తమ్మ మళ్ళీ అడిగింది.

కొడుకు కృపాదానం అన్నంలో పప్పు కలుపుతూనే ఉన్నాడు. కలిపింది తినడం లేదు. అతని కూతురు హోప్ ఫోను వంక చూస్తోంది. కోడలు రూపవతి పులుసు గరిటె పట్టుకుని, ఎవరికి వడ్డించబోతోందో మరిచిపోయినట్టు నిలబడింది.

"మిమ్మల్నే. బడి కమిటీ వాళ్ళు వచ్చి బల్ల చూశారా అని అడుగుతున్నా."

"ఇంకా రాలేదు అత్తయ్యా. శనివారం వస్తారు," అంది రూపవతి.

"రానీ. చూసినాక వాళ్ళే అనుకుంటారు. ఎన్నేళ్ళయిందో ఏమో దానికి పసరు పెట్టి. బూడిదరంగు తేలిపోయింది పాపం. ఇప్పుడెట్టా ఉంది? గేదె వీపులాగా నిగనిగలాడిపోతంది." మార్తమ్మ తన అరచేతులు చూసుకుని మురిసిపోయింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ నలుపు ఇంకిపోయి ఉంది. "ఈ మరక ఇప్పట్లో పోదులే. దొండాకు పసరు అంత తేలిగ్గా వదలదు."

హోప్ కంచం ముందునుంచి లేచింది.

"అదేంటే, తినకుండా?"

"ఐ యామ్ ఫుల్, మామ్మా," అని హోప్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఏమైందర్రా ఈ ఇంట్లో? ఎవరి నోట్లోనూ నాలుక లేదు రెండ్రోజుల్నించీ," అంది మార్తమ్మ. రూపవతి చేతిలోంచి గరిటె తీసుకుని పులుసు తనే వడ్డించుకుంది.

థిసల్‌వేల్ చిన్న ఊరు. ఈ పరదేశంలో, రెజైనా పట్నం నుంచి గోధుమచేల మధ్యగా కారులో వస్తుంటే ముందు ధాన్యం దాచే ఎత్తయిన ఎలివేటర్ కనిపిస్తుంది. చాలాసేపటికి గాని ఊరు కనిపించదు. రైళ్ళు మానేశాయి, పట్టాలు కూడా పీకేశారు, కాని స్టేషను ఉంది. కమ్మరి లేడు, కొలిమి ఉంది. చదువుకునే పిల్లలు లేరు, బడి ఉంది. వాటిని ఊరివాళ్ళు కంటికి రెప్పలా కాపాడుకుంటున్నారు. మనుషులుండే ఇళ్ళకంటే మనుషులు లేని ఇళ్ళకే ఈ ఊళ్లో రంగులెక్కువని కృపాదానం నవ్వుతుంటాడు.

ఆ కట్టడాలకు కాపలాదారు అతనే. పక్క టౌన్‌లో వృద్ధుల హోమ్‌లో కేర్ ఎయిడ్‌గా డ్యూటీ చేసుకుంటూ, ఇక్కడ గడ్డి కోయడం, మంచు ఎత్తడం, తాళాలు తీసి వేయడం చూసుకుంటాడు. అందుకు బదులుగా కమిటీ వాళ్ళు బడి పక్కనున్న టీచరమ్మ ఇల్లు ఉండడానికిచ్చారు. అంతకుముందు బర్నబీ పట్నంలో ఓ ఇంటి కింద బేస్‌మెంట్‌లో ఏళ్ళ తరబడి ఉండివచ్చిన ఆ కుటుంబానికి నాలుగు వైపులా కిటికీలున్న మొదటి ఇల్లు అది.

ఊళ్లో అన్నిటికంటే అపురూపంగా చూసుకునేది బళ్లోని నల్లబల్లని. బడి మూసేసిన రోజున మిస్ హార్లో అనే టీచరు సుద్దతో రాసిన రాత దానిమీద అరవై ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది. పైన తేదీ. దాని కింద, ఎవరి కప్పులు వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళండి అని ఒక వాక్యం. ఓ మూల చిన్నపిల్ల చేతిరాతలో సగంలో ఆగిన భాగహారం లెక్క. ఆ లెక్క చేస్తుండగా నాన్న ట్రక్కు వచ్చిందని సుద్దముక్క వదిలి పరుగెత్తిన పిల్ల ఐరీన్. ఇప్పుడు కమిటీకి పెద్ద ఆమే. ఏటా జూన్‌లో ఒక శనివారం పాత బడి గుర్తుగా ఊరంతా ఆ బల్ల ముందు చేరి టీ తాగుతారు. బల్లకు గాజు పలక బిగించాలని ఏటా అనుకుంటారు, ఏటా వాయిదా వేస్తారు.

మంగళవారం మధ్యాహ్నం దాకా ఆ రాత ఉంది. సాయంత్రానికి లేదు.

ఆ రోజు రూపవతి షిఫ్టు నుంచి వచ్చి ముందు చూసింది బల్లను కాదు, తన దొండతీగను. చలికాలమంతా దక్షిణపు కిటికీ దగ్గర బకెట్టులో పెట్టి, పసిబిడ్డలా సాకిన తీగ అది. ఒక్క ఆకు లేదు. ఈకలు పీకిన కోడిలా నిలబడి ఉంది. పెరట్లో బార్బెక్యూ బొగ్గుల సంచి చిరిగి ఉంది. కల్వం నిండా ఆకుపచ్చ పిప్పి.

బడిలోకి పరుగెత్తింది. గోడ నిండా నలుపు. బొగ్గు నూరి, పసరు కలిపి, గుడ్డతో ఒక్క గీత కూడా తేలకుండా రుద్దిన నలుపు. కింద చెక్క మీద చుక్కైనా కారలేదు. బల్ల ముందు కట్టిన తాడు మళ్ళీ ఉన్నచోటే కట్టి ఉంది. ముట్టుకోవద్దని ఇంగ్లిషులో రాసిన అట్ట కూడా తాడుకు సరిగ్గా వేలాడుతోంది. మార్తమ్మకు తెలుగు చదవడమే రాదు.

*

మార్తమ్మ గదిలోకి వెళ్ళి ఫోనులో బైబిలు పెట్టుకుని వింటోంది. ఆమెకు వినపడకుండా మొగుడూ పెళ్ళాలు పెరట్లో బట్టలారేసే తీగ దగ్గరికి వచ్చారు. జూన్ నెల కాబట్టి వెలుగు ఇంకా తగ్గలేదు.

"చెప్పెయ్యాలండీ," అంది రూపవతి.

"ఎవరితో?"

"ఇద్దరితోనూ. అత్తయ్యతో, ఐరీన్ గారితో."

"అమ్మతో చెబితే ఆవిడ పడిపోతుంది. ఐరీన్‌తో చెబితే మనం పడిపోతాం. ముందు ఎవర్ని పడేద్దామంటావ్?"

రూపవతి ఆరిన తువ్వాలు తీసి మడత పెట్టింది. విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"మేకుకున్న తాళంచెవి తీయొద్దని అమ్మకి ఎన్నిసార్లు చెప్పాను," అన్నాడు కృపాదానం. "వింటుందా. ముసలితనం వచ్చాక పిల్లలకంటే..."

"అత్తయ్య తీయలేదు. నేనే ఇచ్చాను."

అతను ఆమె వైపు తిరిగాడు.

"షిఫ్టుకి టైమైపోతోంది. శనివారం జనం వస్తారు, దుమ్ము దులిపేవాళ్ళు లేరు. అత్తయ్యా, కాస్త బడి శుభ్రంగా చెయ్యండి అని చేతిలో పెట్టి వెళ్ళాను."

"శుభ్రంగా అన్నావా?"

"అన్నాను."

"శుభ్రంగానే చేసింది," అన్నాడు కృపాదానం. నవ్వు లాంటిదేదో అతని మొహం మీదికి వచ్చి, నిలవకుండా పోయింది. "రెండ్రోజులు నోరు మూసుకుని కూర్చున్నావు. నేను మా అమ్మని మనసులో తిట్టుకుంటుంటే చూస్తూ ఉన్నావు."

"ఇప్పుడు చెప్పాను కదా."

"ఇప్పుడు చెప్పావు."

గాలికి దుప్పటి ఎగిరి ఇద్దరి మధ్యకూ వచ్చింది. కృపాదానం దాన్ని పక్కకు లాగి పట్టుకున్నాడు.

"హోప్ ఫోన్లో బల్ల ఫొటోలున్నాయి. పోయినేడాది తీసినవి," అన్నాడు. "హోప్ చెయ్యి మంచి చెయ్యి. చూసి రాస్తే తేడా తెలీదు. రేపు నాకు సెలవు. రేపు రాయిద్దాం."

"దొంగ రాతా?"

"దొంగ రాతేంటి? చర్చికి కప్పు మార్చలేదా వీళ్ళు? ఎలివేటర్‌కి సగం చెక్కలు కొత్తవే. స్టేషన్‌కి కిటికీలు చేయించి తెచ్చారు. పోయినదాన్ని మళ్ళీ ముందున్నట్టే చేసి పెట్టడాన్ని రిస్టోర్ చేయడం అంటారు. మీటింగుల్లో నేను విన్నాను."

"కొత్త చెక్కని పాత చెక్క అని వాళ్ళు చెప్పలేదుగా. ఏ ఏడు మార్చారో పలక మీద రాసి పెట్టారు. మనమూ రాసి పెడదామా, ఇది మొన్న పోయింది, నిన్న రాశాం అని?"

ఓడిపోతున్నప్పుడు కృపాదానం గొంతు తగ్గిస్తాడు.

"రూపా, బర్నబీ మరిచిపోయావా? పైవాళ్ళ పిల్లాడు బంతి ఎగరేస్తే మన కంచాల్లో పెచ్చులు రాలేవి. ఈ ఇంట్లోకి మనల్ని తీసుకోవద్దని కమిటీలో ఇద్దరన్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళకి మన పాతవాటి విలువ ఏం తెలుస్తుంది అన్నారు. ఐరీన్ ఒక్కతే మన పక్షం నిలబడింది. ఇప్పుడెళ్ళి ఆవిడతోనే ఏం చెప్పను? వాళ్ళిద్దరన్నదే నిజమని చెప్పనా?"

రూపవతి తువ్వాలు మళ్ళీ విప్పింది.

"కాదంటే వాన కారిందని చెబుదాం. ఆ కప్పు ఎలాగూ కారుతుంది. ఏదో ఒకటి తేల్చు."

వెనక గుమ్మంలో హోప్ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"డాడ్, దట్స్ ఫేక్. ఐ యామ్ నాట్ డూయింగ్ ఇట్."

"నిన్నెవరూ అబద్ధం చెప్పమనడం లేదమ్మా. బొమ్మ చూసి బొమ్మ గీయమంటున్నాను."

"షీ విల్ నో. అది ఐరీన్ సొంత లెక్క. హర్ ఓన్ హ్యాండ్‌రైటింగ్."

"చిన్నప్పటి చేతిరాత ఎవరికి గుర్తుంటుంది? సరే, రాయొద్దు. శనివారం పొద్దున ఊరంతా వస్తుంది. మా మామ్మే తుడిచేసింది అని నువ్వే చెప్పు. మామ్మ పక్కనే ఉంటుంది. తను మంచి పని చేశానని నవ్వుతూ నిలబడి ఉంటుంది. వాళ్ళంతా తనని ఎలా చూస్తారో మామ్మకి నువ్వే తెలుగులో చెప్పు."

హోప్ తల్లి వైపు చూసింది. రూపవతి తువ్వాలు వైపు చూసింది.

"ఫైన్," అంది హోప్. "ఫర్ హర్. నాట్ ఫర్ ద హౌస్."

*

శుక్రవారం పొద్దున ముగ్గురూ బడి తలుపు లోపలినుంచి గడియ వేసుకున్నారు.

కృపాదానం ఫోను పట్టుకుని ఫొటోను పెద్దది చేసి చూపిస్తున్నాడు. హోప్ రాస్తోంది. తేదీ అయింది. కప్పుల వాక్యం అయింది. మిస్ హార్లో రాత కుదురుగా, గుండ్రంగా ఉండేది. హోప్ చెయ్యి ఆ గుండ్రాన్ని పట్టుకుంది. అసలు ఇబ్బంది లెక్క దగ్గర వచ్చింది. చిన్నపిల్ల రాతలో ఏడు అంకె పక్కకు ఒరిగి ఉంటుంది. హోప్ రాస్తే నిటారుగా వస్తోంది.

"ఇంకాస్త వంచు."

"ఐ నో, డాడ్."

"మరీ అంత కాదు. తుడిచి మళ్ళీ రాయి."

రూపవతి చివరి బెంచీ మీద కూర్చుంది. ఆ నలుపు మీద సుద్ద తెల్లగా, పచ్చిగా మెరుస్తోంది. పాత రాత అలా ఉండేది కాదు. కృపాదానానికీ ఆ సంగతి తెలుసు. బెంచీల కింద దుమ్ము గుడ్డకు అద్దుకుని, అక్షరాల మీద మెల్లగా ఊదాడు. దూరంగా నిలబడి చూశాడు. మళ్ళీ ఊదాడు. రోగులకు మందు తాగించేటప్పుడు ఎంత ఓపికో అంత ఓపిక.

"ఇప్పుడు ఎవరూ పట్టుకోలేరు," అన్నాడు.

రిస్టోర్ చేసినవాడు ఆ మాట ఎందుకంటాడని రూపవతి అనుకుంది. పైకి అనలేదు.

తలుపు మీద చప్పుడైంది.

"నేనేరా. టీ తెచ్చాను. గడియెందుకు పెట్టుకున్నారు, పట్టపగలు దొంగల్లాగా?"

రూపవతి గడియ తీసింది. మార్తమ్మ ఫ్లాస్కుతో లోపలికి వచ్చి, బల్ల చూసి, మొహమంతా నవ్వు చేసుకుంది.

"రాస్తన్నావా తల్లీ? రాయి, రాయి. బల్ల నల్లగా ఉంటే ఊరికే చూడబుద్ధి కాదు. రాయబుద్ధి అవుద్ది."

హోప్ గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

మార్తమ్మ నవ్వు ఆగింది. మనవరాలిని చూసింది, కొడుకు చేతిలో ఫోను చూసింది. దగ్గరికి వెళ్ళి అతని మణికట్టు పట్టుకుని ఫోను తన కళ్ళముందుకు తెచ్చుకుంది. ఫొటో చూసి బల్ల చూసింది. బల్ల చూసి ఫొటో చూసింది. చదవడం రాకపోయినా ముగ్గులో చుక్క తప్పితే పట్టే కళ్ళు ఆమెవి.

"ఇది నేను తుడిచిందేగా," అంది.

కృపాదానం ఫోను వెనక్కి తీసుకున్నాడు.

"తుడిచిందాన్ని మళ్ళీ ఎందుకు రాస్తన్నారు? దానం, నిన్నే."

"ఏం లేదమ్మా. ఊరికే. శనివారం కోసం..."

"హోప్, నువ్వు చెప్పు."

హోప్ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. తెలుగు మాటలు వెతుక్కుంటూ ఒక్కొక్కటే చెప్పింది. "అది చాలా ఓల్డ్, మామ్మా. లాస్ట్ డే రాశారు. వాళ్ళు దాచుకున్నారు. పోయింది. నేను మళ్ళీ రాస్తున్నా, పాతదే అని... అబద్ధం రాస్తున్నా."

మార్తమ్మ బల్ల వైపు తిరిగింది.

"సుద్ద గీతలు దాచుకున్నారా?" అంది చివరికి. "అన్నేళ్ళు?"

"ఆవిడ చిన్నప్పుడు చేసిన లెక్క కూడా ఉంది అత్తయ్యా. ఐరీన్ గారిది," అంది రూపవతి. "తప్పు మీది కాదు. బల్ల ముట్టుకోవద్దని నేను చెప్పాల్సింది."

మార్తమ్మ ఫ్లాస్కు టీచరు బల్ల మీద పెట్టి, ఇంకేమీ అడగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

"చూశావా," అన్నాడు కృపాదానం, ఎవరితోనో తెలియకుండా. "ఇందుకే చెప్పొద్దన్నాను."

*

ఆ మధ్యాహ్నం మార్తమ్మ అన్నం తినలేదు. కృపాదానం రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవకుండా గడ్డి కోయడానికి పోయాడు. హోప్ కనీసం మజ్జిగ తాగమంటే, తర్వాత అంది.

సాయంత్రం రూపవతి తోటకూర కాడలు తుంచుతుంటే మార్తమ్మ వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుని, తనూ ఒక కట్ట అందుకుంది.

"మా ఊరి బళ్లో ఇంత బల్ల లేదు," అంది. "దీన్లో సగం. శనివారం బడి వదిలాక మా పేట పిల్లల్ని పిలిపించేవోడు మేష్టారు. దొండాకు తెచ్చేది నేను, బొగ్గు నూరేది మా అన్న. రుద్ది రుద్ది నల్లగా చేసేవాళ్ళం. బెల్లంముక్క పెట్టేవోడు. మంచోడే."

"తర్వాత?"

"తర్వాతేముంది? సోమారం బడిగంట కొట్టేసరికి నేను కామందు గారి గేదెల ఎనకాల ఉండేదాన్ని. ఆ బల్ల మీద ఏం రాస్తారో నేనెప్పుడూ చూళ్ళేదమ్మాయ్. నల్లగా ఉన్నప్పుడే చూశాను." కాడలోంచి పీచు లాగి పారేసింది. "అందుకని రాత ఉన్న బల్ల చూస్తే నాకేం తోచుద్ది? తుడవాలనే తోచుద్ది. నా పని అదేగా."

రూపవతి కూర గిన్నెలోకి ఎత్తింది.

"ఐరీనమ్మ పోయినేడు బళ్లో పెద్దోళ్ళని కూర్చోబెట్టి టీచరమ్మ ఆట ఆడింది చూశావా?" అని మార్తమ్మ ఉన్నట్టుండి అడిగింది. "చెయ్యెత్తితే గాని మాట్లాడనీలా ఎవర్నీ. గెడ్డాలు నెరిసినోళ్ళు కూడా చెయ్యెత్తారు. నవ్వలేక చచ్చాను. నన్నూ రమ్మని సైగ చేసింది."

"మీరు వెళ్ళలేదు."

"నేనెందుకెళ్తాను?" అంది మార్తమ్మ.

*

శనివారం పొద్దున రూపవతి లేచేసరికి అత్తగారి మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. గోడకు మేకు ఉంది, తాళంచెవి లేదు.

ఆమె చెప్పులేసుకోకుండానే వెళ్ళింది. బడి తలుపు బార్లా తీసి ఉంది. తాళం గుమ్మం పక్కన వేలాడుతోంది, దాంట్లోనే తాళంచెవి. లోపల మార్తమ్మ తడిగుడ్డ పిండుతోంది. బల్ల మీద తేదీ లేదు, కప్పుల వాక్యం లేదు, లెక్క లేదు. మొదటిరోజులాగే నల్లగా ఉంది.

"అత్తయ్యా..."

"పిల్ల చేత అబద్ధం రాయించి, దాని కింద నేను కూర్చుని టీ తాగాలా?" అంది మార్తమ్మ, గుడ్డ దులుపుతూ. "తెలీక చేసింది ఒకటి. తెలిసి చేస్తే రెండు. మొదటిది చాలు."

వెనక అడుగుల చప్పుడు. కృపాదానం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. హోప్ అతని వెనకే ఉంది. అతను బల్ల చూశాడు. అరవలేదు. తాళంలోంచి తాళంచెవి లాగి గుప్పిట్లో బిగించాడు.

"ఎందుకమ్మా? నన్నొక్క మాట అడగొచ్చుగా."

"నిన్నడిగితే వద్దంటావు."

"ఇల్లు పోతుందమ్మా. అర్థమవుతోందా? మళ్ళీ మనం... హోప్, ఇంకా టైముంది. జనం పదింటికి గాని రారు. ఫొటో తియ్యి. త్వరగా."

హోప్ కదల్లేదు. "మై ఫోన్ ఈజ్ ఎట్ హోమ్," అంది. ఫోను ఆమె వెనక జేబులోంచి సగం కనిపిస్తూనే ఉంది.

అప్పుడే బయట కంకర మీద టైర్లు ఆగిన చప్పుడైంది.

ఐరీన్ ప్రతి ఏడూ ఈ రోజున అందరికంటే ముందు, ఒంటరిగా వస్తుంది. ఆ సంగతి కృపాదానానికి తెలుసు. ఇంత ముందు వస్తుందని తెలియదు. పొడుగ్గా, వంగకుండా నడిచే మనిషి. చేతిలో అంచు పెచ్చులూడిన తెల్ల ఎనామిల్ కప్పు. బడి మూసిన రోజున ఇంటికి తీసుకెళ్ళిన కప్పే అది. ఏటా తెచ్చి టీచరు బల్ల మీద పెట్టి, సాయంత్రం మళ్ళీ తీసుకెళుతుంది.

"గుడ్ మార్నింగ్, ఫ్యామిలీ," అంది నవ్వుతూ. కప్పు టీచరు బల్ల మీద పెట్టింది. తలెత్తింది.

మార్తమ్మ తడిగుడ్డ కొంగులో దాచుకోలేదు. పక్కన పెట్టి, దగ్గర్లో ఉన్న బెంచీలో కూర్చుంది. పిల్లల బెంచీ. మోకాళ్ళు ఇరుక్కున్నాయి. ఆ బడిలోకి ఎన్నిసార్లు వచ్చినా ఆమె కూర్చోవడం రూపవతి చూడడం అదే మొదటిసారి.

ఐరీన్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఓ మూల, తన లెక్క ఉండాల్సినచోట, వేలు దాదాపు ఆనించింది. ఆనించలేదు. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"హూ డిడ్ దిస్?"

"ఐరీన్, ద రూఫ్..." అని కృపాదానం మొదలుపెట్టాడు. "లాస్ట్ వీక్ రెయిన్..."

ఐరీన్ ఇటు తిరిగింది. కాని ఆమె చూస్తున్నది అతన్ని కాదు.

మార్తమ్మ చెయ్యెత్తింది.

అడిగింది ఇంగ్లిషులో. మార్తమ్మకు ఆ భాషలో గుడ్ మార్నింగ్ దాటి రాదు. కాని బళ్లో ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా ఒకేలా వినపడుతుంది. ఎత్తిన అరచెయ్యి ఐరీన్ వైపు తిరిగి ఉంది. వేళ్ళ సందుల్లో, గీతల్లో, గోళ్ళ చుట్టూ బల్ల మీదున్న నలుపే ఉంది.

"హోప్," అన్నాడు కృపాదానం తెలుగులో, పెదవులు కదలకుండా. "మామ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పు. వాన కారిందని చెప్పు."

హోప్ నోరు తెరిచింది. తండ్రిని చూసింది. మామ్మ చేతిని చూసింది. నోరు మూసుకుంది.

రూపవతి వెళ్ళి అత్తగారి పక్కన ఇరుక్కుని కూర్చుంది. బెంచీ కిర్రుమంది. ఆమె కూడా చెయ్యెత్తింది. తన చెయ్యి అంత తెల్లగా ఉందేమిటని ఆ క్షణాన సిగ్గనిపించింది. ఆ చేత్తోనే తాళంచెవి ఇచ్చింది. ఇప్పుడది కృపాదానం గుప్పిట్లో ఉంది. ఆ గుప్పిట ఏం చేస్తోందో ఆమె తిరిగి చూడలేదు.

ఐరీన్ టీచరు బల్ల మీది కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. బెంచీల మధ్యగా నడిచి వచ్చి మార్తమ్మ ముందు ఆగింది. ఆ నల్లటి అరచేతిని చూస్తూ ఉండిపోయింది.

మార్తమ్మ చెయ్యి దించలేదు. దించమని ఎవరూ చెప్పలేదు మరి.

— కలపాల సుగుణమ్మ
డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు రెజైనాలో పెద్దకూతురి దగ్గర ఉంటున్నాను.